నేలను కప్పు మొక్కలకు మొదలుకుళ్ళు తెగులు

విశాఖపట్టణములో పెక్కు ఇండ్లు కొండవాలులలో, ఎర్రనేలలమీద వెలసినవి. ఆ నేలను పట్టియుంచు పని గరిక, వెడేలియా, పింటో వేరుశనగ వంటి నేలబారు మొక్కలది. వాని పచ్చదనము కంటికి ఇంపైనదే. అంతకంటె ముఖ్యమైన సంగతి, అవి వానచినుకుల దెబ్బను తాము ఓర్చి మట్టిని కాపాడును. భీమునిపట్నము దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూచినవారికి, వాననీరు నేలను ఎంత లోతుగా కోయగలదో వేరుగా చెప్పనక్కరలేదు. కావున ఈ మొక్కలలో ఒకచోట చావు కనబడినపుడు దానిని అలంకారమునకు కలిగిన లోపముగా మాత్రమే భావింపరాదు.

వర్షములు కురిసి, పిమ్మట ఎండ కాచిన దినములలో, పచ్చని కప్పు నడుమ పళ్ళెమంత మేర పసుపువారి వాడిపోవుట మనము చూచుచుందుము. నీరు చాలలేదని తలచి మరింత నీరు పోయుట సామాన్యము. దానివలన తెగులు హెచ్చునే గాని తగ్గదు. అట్టి చోట తీగలను పైకెత్తి మొదలు పరీక్షింపవలెను. విసనకఱ్ఱవలె పరచుకొన్న తెల్లని దారములు, వానియందు ఆవగింజలవంటి గోధుమరంగు గుండ్లు కనబడినచో అది మొదలుకుళ్ళు తెగులు.

దీనికి కారణమైన శిలీంధ్రమును స్క్లెరోషియం రాల్ఫ్సీ అందురు. 1892లో అమెరికాలోని ఫ్లోరిడాయందు టమాటా మొక్కలపై దీనిని గుర్తించిన రాల్ఫ్స్ అను శాస్త్రజ్ఞుని పేరే దీనికి వచ్చినది. ఇది ఐదువందలకు పైగా మొక్కజాతులను ఆశ్రయించును. చిక్కుడు, చేమంతి కుటుంబములపై దీనికి మక్కువ యెక్కువ. పింటో వేరుశనగ మొదటి కుటుంబమునకును, వెడేలియా రెండవదానికిని చెందినవి. అంతేకాదు, మన పెరటిలోని టమాటా, మిరప, తమలపాకు తీగలకును, పొలములోని వేరుశనగకును ఇదే శత్రువు. పూలమడిలోని మట్టి పారకు అంటి కూరమడికి చేరినచో నష్టము వంటయింటిదాక వచ్చును.

ఇరువదియైదు మొదలు ముప్పదియైదు డిగ్రీల వేడిమి, విడువని తేమ దీనికి మిక్కిలి అనుకూలములు. మన సముద్రతీరమున వానకాలమంతయు ఈ రెండును సమృద్ధిగా ఉండును. ఆవగింజలవంటి గుండ్లు మట్టిలో కొన్ని సంవత్సరములు జీవించియుండగలవు. కావున ఆకులపై మందు చల్లి ఊరకుండినచో ప్రయోజనము లేదు. చికిత్స నేలకు చేయవలెను.

మొదట, వాడిన మొక్కలను చుట్టునున్న జానెడు మేర మొక్కలతోను, రెండంగుళముల పైమట్టితోను తీసి సంచిలో కట్టి, దూరముగా లోతున పూడ్చవలెను. ఎరువుగుంటలో వేయరాదు. పారను, చెప్పులను కడిగిన పిమ్మటనే వేరొక మడిలోనికి పోవలెను. మిగిలిన తీగలను పలుచన చేసి మొదళ్ళకు గాలి తగులునట్లు చూడవలెను. నీరు ఉదయముననే పోయవలెను.

ట్రైకోడెర్మా అను మరియొక శిలీంధ్రము ఈ శత్రువును తినివేయును. మాగిన పశువుల ఎరువు తొమ్మిది కిలోలు, వేపపిండి ఒక కిలో, ట్రైకోడెర్మా పొడి 200 గ్రాములు కలిపి, తడిపి, నీడలో గోనెపట్టా కప్పి పది దినములు ఉంచవలెను. ఆ మిశ్రమమును ఖాళీయైన చోటను, దాని చుట్టును చల్లవలెను.

తెగులు ఏటేట వచ్చు మడి చదునుగా ఉన్నచో, ఏప్రిల్, మే మాసములలో దానిని తడిపి, పారదర్శకమైన పాలిథీన్ పట్టాను అంచులు మట్టిలో పూడ్చి, నాలుగు మొదలు ఆరు వారములు కప్పియుంచవలెను. ఎండవేడికి పైమట్టిలోని గుండ్లు చాలవరకు నశించును. కొండవాలులో మాత్రము వానల వేళ నేలను త్రవ్వరాదు. ఖాళీచేసిన చోట ఎండుగడ్డి పలుచగా పరచి, వర్షము తగ్గిన పిమ్మట గరికను నాటవలెను.

క్రొత్త మొక్కను ఎక్కడినుండి తెచ్చినను నాటుటకు ముందు దాని మొదలును చూచుట మరువరాదు. తెల్లని దారమొక్కటి కనబడినను ఆ మొక్కను మడిలోనికి రానీయకుండుటయే అన్నిటికంటె చవుకైన మందు.