అటక చల్లగా ఉంటేనే పైకప్పు పదిలం

మినియాపోలిస్, షికాగో, బఫెలో, టొరంటో వంటి మంచు కురిసే నగరాల్లో ఇప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలకు సొంత ఇళ్లున్నాయి. అవి మన డాబాల్లాంటివి కావు. చెక్క వాసాల మీద ప్లైవుడ్ పరచి, దానిపై తారు షింగిల్స్ మేకులతో కొట్టిన వాలు కప్పులవి. ఆ కప్పుకూ గదుల సీలింగుకూ నడుమ ఎవరూ నివసించని ఖాళీ చోటు ఉంటుంది. అదే అటక. కాంక్రీటు స్లాబు కింద పెరిగినవారికి దానితో పరిచయం తక్కువ. ఇల్లు కొని ఏళ్లు గడిచినా దాని మూత ఎత్తి చూడనివారున్నారు. కానీ పైకప్పు ఎంతకాలం మన్నుతుందన్నది చాలావరకు ఆ చీకటి చోటులో వేడి, తేమ, గాలి ఎలా కదులుతున్నాయన్నదాన్ని బట్టే ఉంటుంది. మంచు దేశాల్లో కప్పుకు ముప్పు ఆకాశం నుంచి ఎంత వస్తుందో, ఇంటి లోపలి నుంచీ అంతే వస్తుంది. ఈ సంగతి ప్రతి గృహస్థుడూ తెలుసుకోవాలి.

చూరు దగ్గర మంచుకట్ట

చలికాలంలో కొన్ని ఇళ్ల చూరుల వెంట మంచు ఊచలు బారులు తీరి వేలాడతాయి. పిల్లలు వాటిని చూసి మురిసిపోతారు. నిజానికి, ఇంటి వేడి కప్పు గుండా బయటికి పోతోందనడానికి చాలాసార్లు అవే మొదటి గుర్తు.

కప్పు మీద పేరుకున్న మంచు దుప్పటిలా పనిచేస్తుంది. కొత్తగా కురిసిన మంచులో గాలి ఎక్కువగా చిక్కుకుని ఉంటుంది కాబట్టి అది ఉష్ణాన్ని తేలిగ్గా పోనివ్వదు. అటక వెచ్చగా ఉంటే ఆ వేడి ప్లైవుడ్ దాటి మంచు అడుగు పొరను చేరి అక్కడే నిలిచిపోతుంది. బయట గడ్డకట్టే చలి ఉన్నా అడుగున మంచు కరగడం మొదలవుతుంది. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి. ఆ ఉష్ణమంతా ఇంటివారు డబ్బు పోసి కొన్న గ్యాసు నుంచో, కరెంటు నుంచో వచ్చినదే.

కరిగిన నీరు వాలు వెంట కిందికి జారి చూరును చేరుతుంది. చూరు గోడ దాటి ముందుకు పొడుచుకొని ఉంటుంది. దాని కింద వెచ్చని గది లేదు, కాబట్టి నీరు అక్కడ మళ్లీ గడ్డకడుతుంది. ఇలా రోజుల తరబడి సాగితే చూరు అంచున ఒక కట్ట లేస్తుంది. వెనక వచ్చే నీటికి దారి మూసుకుపోయి, అది కప్పు మీదే మడుగు కడుతుంది. షింగిల్స్ ఒకదానిపై ఒకటి పరిచేది కిందికి జారే నీటిని దాటించడానికే గాని, నిలిచిన నీటిని ఆపడానికి కాదు. మడుగు నీరు వాటి సందుల్లోంచి ఎగువకు పాకి, ప్లైవుడ్‌ను తడిపి, సీలింగు మీద మరకలు వేస్తుంది.

న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హానోవర్‌లో అమెరికా సైన్యానికి శీతల ప్రాంతాల పరిశోధనశాల ఉంది. అక్కడి ఇంజనీరు వేన్ టోబియాసన్, ఆయన సహచరులు ఉత్తర న్యూయార్క్‌లోని ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరపు భవనాలను పరిశీలించి, 1990లలో ఒక స్పష్టమైన ఫలితం ప్రకటించారు. బయట సుమారు మైనస్ 5.5 డిగ్రీల సెల్సియస్ కంటే చలిగా ఉండి, అటక మైనస్ 1 డిగ్రీ కంటే వెచ్చగా ఉన్నప్పుడే చూరు దగ్గర మంచు సమస్య ముదురుతోందని వారు గమనించారు. అంటే అటకను బయటి గాలంత చల్లగా ఉంచగలిగితే మంచుకట్ట పుట్టే అవకాశం చాలావరకు తగ్గుతుంది.

కంటికి కనబడని తేమ

రెండో ముప్పు నీటి ఆవిరి. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. సున్నా డిగ్రీల వద్ద ఆ శక్తి 5 గ్రాముల లోపుకు, మైనస్ 10 డిగ్రీల వద్ద రెండున్నర గ్రాముల లోపుకు పడిపోతుంది. 20 డిగ్రీల గదిలో సాపేక్ష ఆర్ద్రత 40 శాతం ఉంటే, ఆ గాలి 6 డిగ్రీలకు చల్లబడగానే నీటిచుక్కలు కడుతుంది. చలికాలంలో కప్పు ప్లైవుడ్ అడుగు భాగం అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది. గదుల్లోని గాలి అటకలోకి చొరబడితే దానిలోని ఆవిరి అక్కడ మేకుల మొనల మీద, చెక్క మీద నూగు మంచులా పేరుకుంటుంది. ఎండ కాసిన రోజున అది కరిగి బొట్లుబొట్లుగా రాలుతుంది. ఇంటివారు కప్పు కారుతోందనుకొని షింగిల్స్ మార్పిస్తారు. కారణం మాత్రం కింద అలాగే ఉండిపోతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిస్తే బూజుకు అనువవుతుంది. 28, 30 శాతానికి చేరి చాలాకాలం ఉంటే చెక్క కుళ్లుతుంది.

ఆ ఆవిరి పైకి చేరే ప్రధాన మార్గం గాలి. వెచ్చని గాలి తేలిక కనుక పైకి లేచి, సీలింగులో ఏ కన్నం దొరికితే ఆ కన్నంలోంచి అటకలోకి పోతుంది. అటక మూత అంచులు, సీలింగు దీపాల చుట్టూ ఉన్న సందులు, నీటి గొట్టాలు, కరెంటు తీగలు వెళ్లే రంధ్రాలు, పొగగొట్టం చుట్టూ వదిలిన ఖాళీ, ఇవన్నీ దానికి దారులే. స్నానాల గది ఫ్యాను గొట్టాన్ని బయటికి తీసుకెళ్లకుండా అటకలోనే వదిలేసిన ఇళ్లలో పరిస్థితి మరీ విషమిస్తుంది.

మన వంటిళ్ల గురించి ఇందులో ప్రత్యేకంగా ఆలోచించాలి. అన్నం, పప్పు, ఇడ్లీ, రసం అన్నీ ఆవిరి పుట్టించే వంటలే. అక్కడి చాలా ఇళ్లలో పొయ్యి మీది ఫ్యాను గాలిని వడకట్టి తిరిగి గదిలోకే వదులుతుంది. ఆవిరిని బయటికి పంపదు. మంచు ప్రాంతాల్లో ఇల్లు కొనేవారు పొయ్యి మీది గాలి నేరుగా బయటికి పోయే ఏర్పాటు ఉందో లేదో చూసుకోవడం వంటింటికే కాదు, కప్పుకూ మంచిది.

ముందు కన్నాలు, తర్వాత పరుపు

చికిత్సలో మొదటి మెట్టు సీలింగు కన్నాలు మూయడం. ఆ తర్వాతే ఇన్సులేషన్. గాజునూలుగాని, పాత వార్తాపత్రికలను పొడిచేసి బోరేట్ కలిపి తయారుచేసే సెల్యులోజ్‌గాని ఉష్ణాన్ని ఆపేది తమలో కదలకుండా చిక్కుకున్న గాలితోనే. ఆ గాలి కదిలితే నిరోధం తగ్గుతుంది. అందుకే కన్నాలు మూయకుండా పైన ఎంత పరచినా ఫలితం అరకొరగానే ఉంటుంది.

ఉష్ణ నిరోధాన్ని అమెరికాలో ‘ఆర్’ విలువతో కొలుస్తారు. 2021 నాటి అంతర్జాతీయ నివాస గృహాల కోడ్ చలి ప్రాంతాల అటకలకు ఆర్-60 సూచించింది. అంతకుముందు అది ఆర్-49. సెల్యులోజ్‌తో ఆర్-49 సాధించాలంటే దాదాపు 35 సెంటీమీటర్ల మందం కావాలి. ఆ మందం అంతటా సమంగా ఉండటం ముఖ్యం. సీలింగు మొత్తం ఆర్-49 ఉండి, నూటికి ఒక్క వంతు మాత్రం ఆర్-2 వద్ద ఉండిపోయిందనుకుందాం. లెక్క కడితే ఉష్ణనష్టం సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. ఉత్త చెక్కపలకగా వదిలేసిన అటక మూత సరిగ్గా ఈ పనే చేస్తుంది.

1990కి ముందు కట్టిన ఇళ్లలో ఒక జాగ్రత్త అవసరం. బంగారు, గోధుమ రంగుల్లో మెరిసే వర్మిక్యులైట్ గుళికలు అటకలో కనిపిస్తే వాటిని కదపకూడదు. మోంటానా రాష్ట్రంలోని లిబీ గని నుంచి వచ్చిన వర్మిక్యులైట్‌లో ఆస్‌బెస్టాస్ కలిసి ఉంది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. అక్కడ శిక్షణ పొందినవారితోనే పని చేయించాలి.

చివరిగా గాలి నడక

ఎంత చేసినా కొంత వేడి, కొంత తేమ పైకి చేరతాయి. వాటిని బయటికి పంపడానికే వెంటిలేషన్. చూరు అడుగున ఉన్న రంధ్రాల నుంచి చల్లని గాలి ప్రవేశించి, వాసాల మధ్యగా పైకి పాకి, కొప్పు దగ్గరి చీలికలోంచి బయటికి పోవాలి. అటక విస్తీర్ణంలో 300వ వంతు రంధ్రాలకు కేటాయించాలని, తగిన జాగ్రత్తలు లేనిచోట 150వ వంతు ఉండాలని నియమం. 300వ వంతు అంటే 1,200 చదరపు అడుగుల అటకకు 4 చదరపు అడుగులు, సగం చూరులో, సగం కొప్పులో.

1/300 అనే ఈ నిష్పత్తి 1942 నాటి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ప్రమాణాల్లో కనిపిస్తుంది. అంతకు కొద్ది ఏళ్ల ముందు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రౌలీ ఇళ్లలో తేమ చేరే తీరుపై ప్రయోగాలు చేశారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు విలియం రోజ్ ఈ చరిత్రను తవ్వి తీసి, ఆ అంకె వెనక ఉన్న ప్రయోగాధారం బలహీనమైనదని చూపారు. కాబట్టి అంకె సరిపోయింది కదా అని నిశ్చింతగా ఉండలేం. ఇన్సులేషన్ చూరు రంధ్రాలను కప్పేస్తే కాగితం మీది లెక్క ఎందుకూ కొరగాదు. గాలి దారి మూసుకుపోకుండా వాసాల మధ్య అడ్డుపలకలు అమర్చాలి. విద్యుత్ ఫ్యాను బిగిస్తే అది బయటి గాలికి బదులు గదుల్లోని వెచ్చని గాలినే కన్నాల్లోంచి పైకి లాగే ప్రమాదం ఉంది.

టెక్సస్, ఫ్లోరిడా వంటి వేడి ప్రాంతాల్లో లెక్క వేరు. అక్కడ వెంటిలేషన్ వల్ల షింగిల్స్ వేడి తగ్గేది కొద్దిగానే. వాటి రంగు ప్రభావమే ఎక్కువ. ఉక్కపోత రోజుల్లో లోపలికి వచ్చే తేమ గాలి ఏసీ గొట్టాల మీద చెమ్మ కట్టిస్తుంది కూడా. వాతావరణం తెలియకుండా ఒకచోటి నియమాన్ని మరోచోటికి మోసుకుపోకూడదు.

చూరు వెంట కరెంటు తీగలు చుట్టి మంచు కరిగించడం, నిచ్చెన వేసుకొని మంచుకట్టను పగలగొట్టడం లక్షణానికి చేసే వైద్యాలే. రెండోది షింగిల్స్‌ను చీలుస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది. కన్నాలు మూసి, ఇన్సులేషన్ నిండుగా పరచి, గాలికి దారి విడిచే వరస తప్పకపోతే ఇల్లు వెచ్చగా, అటక చల్లగా, కప్పు పొడిగా ఉంటుంది. ఇంధనం ఖర్చూ తగ్గుతుంది. అందుకే కొత్త కప్పుకు వేల డాలర్లు చెల్లించే ముందు టార్చిలైటు పట్టుకొని అటక మూత ఎత్తి చూడాలి. కిందున్న తప్పు సరిదిద్దకుండా పైన వేసిన కొత్త కప్పుకు పాత కప్పు గతే పడుతుంది.