గుక్కెడు నీళ్లు, గుప్పెడు పొట్ట

రాజపాళయం పక్కనే ఉన్న సత్రపట్టిలో నేసే బ్యాండేజీ గుడ్డ దేశంలో ఎన్నో ఆస్పత్రులకు వెళ్తుంది. మదురై, కోయంబత్తూరు పెద్దాసుపత్రుల్లో ఇప్పుడు చేస్తున్న బరువు తగ్గించే ఆపరేషన్‌కు మాత్రం ఆ గుడ్డతో పెద్దగా పని పడదు. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు, వాటి మీద చిన్న పట్టీలు, అంతే. వారం పది రోజుల్లో పైగాయం మానుతుంది. మనిషి లేచి తిరుగుతుంటే ఇంట్లోవాళ్లకు అంతా అయిపోయినట్టే ఉంటుంది. లోపల మాత్రం దాదాపు జానెడు పొడవున వేసిన స్టేపుల్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉంటాయి. ప్రతి గుక్కా, ప్రతి ముద్దా వాటి మీదుగానే దిగాలి.

ఈ ఆపరేషన్ గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవాల్సిన అవసరం పెరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 40.4 శాతం మందికి అధిక బరువో ఊబకాయమో ఉంది. దేశం మొత్తం మీద ఆ లెక్క 24 శాతమే. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం వంటివి తోడైతే కొందరికి డాక్టర్లు ఆపరేషన్ సలహా ఇస్తారు. ఇది సోమరితనానికి అడ్డదారి అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆపరేషన్ తర్వాతి నెలల్లో రోగి పాటించే క్రమశిక్షణ చూస్తే ఆ మాట ఎవరి నోటా రాదు.

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి సన్నని గొట్టం, అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిని వేరుచేసి, చిన్నపేగును తెచ్చి నేరుగా దానికే కలుపుతారు. ఈ బైపాస్‌ను 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టాడు. అల్సర్ల కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన రోగులు మళ్లీ లావు కావడం లేదన్న గమనింపే దానికి మూలం. ఇప్పటి రోగుల్ని బాధపెట్టే ఇబ్బందులు కూడా చాలావరకు ఆనాటి అల్సర్ రోగుల దగ్గర డాక్టర్లు చూసినవే. అంటే వీటి కారణాలు తెలుసు, చాలావాటికి మందు కూడా మన కంచంలోనే ఉంది.

మొదటి రెండు మూడు రోజులు భుజం లాగుతుంది. పొట్టకు ఆపరేషన్ చేస్తే భుజం ఎందుకు నొప్పి పెడుతుందని కంగారుపడతారు. ఆపరేషన్ సమయంలో పొట్టలోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలిపోయి డయాఫ్రంను ఒరుసుకోవడం వల్ల వచ్చే నొప్పి అది. లేచి నాలుగడుగులు నడుస్తుంటే తగ్గిపోతుంది.

తర్వాత వికారం. దీనికి చాలాసార్లు కారణం ఒంట్లో నీరు తగ్గడమే. రోజుకు లీటరున్నర నీళ్లయినా లోపలికి వెళ్లాలి, కానీ గ్లాసెత్తి గటగటా తాగే పొట్ట కాదది. పైగా ఆకలిని పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో కోసి తీసేసిన భాగంలోనే. కాబట్టి మొదటి నెలల్లో ఆకలి పిలవకపోవచ్చు. గడియారం చూసుకుని ఐదు పది నిమిషాలకో గుక్క వేసుకోవాల్సిందే. రాజపాళయం ఏప్రిల్, మే ఎండల్లో ఇది మరీ ముఖ్యం. నీళ్లు, వెన్న తీసిన పలుచటి మజ్జిగ, కారం లేని చారుతేట, వడగట్టిన పప్పుకట్టు పనికొస్తాయి. మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం.

సాధారణంగా మొదటి రెండు వారాలు ద్రవాలే, తర్వాత మెత్తగా గుజ్జు చేసినవి, నెల దాటాక మెత్తటి ముద్దలు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. ఎవరి సర్జన్ ఇచ్చిన చీటీ వాళ్లకు ప్రమాణం. పక్కింటివాళ్ల చీటీ చూసి ముందుకు దూకకూడదు.

మెత్తటి తిండి మొదలయ్యాక ఒక ఇడ్లీ తినడం ఎలా ఉంటుందో చూడండి. ఇడ్లీని ఎనిమిది ముక్కలు చేస్తారు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, అది ముక్కగా తెలియకుండా పోయేదాకా నమిలి మింగుతారు. చెంచా కింద పెడతారు. నిమిషం ఆగుతారు. మళ్లీ ఇంకో ముక్క. నాలుగో ముక్క దగ్గర ఛాతీ మధ్య ఎముక కింద చిన్న బిగువు తెలుస్తుంది. కొందరికి ఎక్కిళ్లు వస్తాయి, కొందరికి ముక్కు కారుతుంది, నోట్లో నీళ్లూరతాయి. ఈ పొట్ట ఇక చాలని చెప్పే తీరు ఇదే. సగం ఇడ్లీ మిగిలినా సరే, అక్కడ ఆపేయాలి. పారేయడం ఎందుకని ఐదో ముక్క కూడా వేసుకుంటే అది గొంతు కింద నిలబడిపోతుంది. పావుగంట నొప్పి, నురగ నురగగా ఉమ్మి, చివరికి వాంతి. ఆపరేషన్ చెడిపోయిందేమోనని భయపడేవాళ్లలో చాలామందికి జరిగింది ఇంతే. ఒక్క ముద్ద ఎక్కువ, లేదా రెండు నిమిషాల తొందర.

ఈ తొందర విషయంలో మన ఇళ్ల ఆడవాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, ఆఖర్న ఐదు నిమిషాల్లో తిన్నామనిపించుకునే అలవాటు ఏళ్లనాటిది. ఆపరేషన్ అయిన మనిషికి కూర్చుని ఇరవై ముప్పై నిమిషాలు తినే వెసులుబాటు ఇంట్లోవాళ్లే కల్పించాలి. అది మందుబిళ్ల ఇచ్చినంత అవసరం.

అన్నం తినే తీరులో మరో చిక్కుంది. కుళంబు అన్నం, చారన్నం, మజ్జిగ అన్నం, మధ్యలో గ్లాసుడు నీళ్లు, మన భోజనమంతా జారుగానే సాగుతుంది. ఈ పొట్టలో అన్నం నీళ్లు కలిసి వెళ్తే రెండు రకాల నష్టం. చోటు చాలక ఉబ్బరమూ వాంతీ రావచ్చు. లేదా ముద్దంతా త్వరగా పేగులోకి జారిపోయి కాసేపటికే మళ్లీ తినాలనిపించవచ్చు. అందుకే తిండికి, నీళ్లకు మధ్య కనీసం అరగంట ఎడం పెట్టమంటారు. ముందు గుడ్డు, చేప, పెసరపప్పు, గట్టి పెరుగు వంటి మాంసకృత్తులు, తర్వాత ఉడికిన కూర, చివర చోటుంటే రెండు ముద్దల అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలంటే వరస ఇలా మార్చక తప్పదు.

ఇక రాజపాళయం ఉన్న విరుదునగర్ జిల్లా తిండి సంగతి. ఇక్కడి నూనె పరోటాకు రాష్ట్రమంతా పేరుంది. సాగదీసిన మైదా, దాన్ని నూనెలో వేయించడం, ఈ రెండూ కొత్త పొట్టకు కష్టమే. నమిలినా మైదా బంకగా ముద్దకట్టి ఇరుకు దారిలో ఇరుక్కుంటుంది, నూనె వికారం పెంచుతుంది. ఎండిపోయినట్టుండే మాంసం ముక్కలూ, వేడిచేసి మళ్లీ వేడిచేసిన కోడికూరా ఇలాగే అడ్డుపడతాయి. పొట్ట ఉబ్బితే సోడా తాగడం ఇక్కడ పాత అలవాటు. 1916లో మొదలైన కాళీ మార్క్ శీతల పానీయాలకు విరుదునగరే పుట్టిల్లు. ఏ కంపెనీ సోడా అయినా అందులోని గ్యాస్ ఈ చిన్న పొట్టను సాగదీసి నొప్పి పుట్టిస్తుంది. తేన్పు వస్తే హాయి అనుకుని తాగితే బాధ రెట్టింపవుతుంది.

శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా గురించి విడిగా చెప్పాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మిఠాయి, రాజపాళయం నుంచి అరగంట దూరంలో దొరికేది, చూడటానికి వచ్చిన ప్రతి చుట్టం చేతిలో ఉండేది. పాలూ చక్కెరా చిక్కబడేదాకా కాచిన ఆ కోవా రెండు చెంచాలు తింటే, ముఖ్యంగా బైపాస్ అయినవారిలో, జరిగేది ఇది. చక్కెర జీర్ణాశయంలో ఆగకుండా చిన్నపేగులోకి పడుతుంది. దాన్ని పలుచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి వస్తుంది. పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. దీన్నే డంపింగ్ అంటారు. కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత రెండో విడత వస్తుంది. ఒక్కసారిగా పెరిగిన చక్కెరకు ఇన్సులిన్ అతిగా ఊరి, రక్తంలో షుగరు పడిపోతుంది. చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. నీరసమనుకుని మళ్లీ మిఠాయి తింటే అదే చక్రం తిరుగుతుంది. షుగరు మాత్రలు పాత మోతాదులో వాడుతున్నవాళ్లకు ఇది మరింత ప్రమాదం. ఆపరేషన్ తర్వాత ఆ మోతాదు డాక్టరే మార్చాలి. చుట్టాలకు నా విన్నపం, చూడటానికి వెళ్లేటప్పుడు మిఠాయి పొట్లం వద్దు.

బైపాస్ తర్వాత పాలు పడనివాళ్లుంటారు, వాళ్లకు మజ్జిగ, పెరుగు నయం. స్లీవ్ తర్వాత కొందరికి ఛాతీలో మంట మొదలవుతుంది. రాత్రి తిన్న వెంటనే పడుకోకపోవడం, సర్జన్ రాసిన ఆమ్లం తగ్గించే మాత్ర మానకపోవడం దానికి విరుగుడు. తిండి తగ్గి, నీళ్లు తగ్గి, ఐరన్ మాత్రలు తోడై మలబద్ధకం రావడం కూడా మామూలే.

ఇవన్నీ ఓపికతో దాటేవి. ఓపిక పట్టకూడనివి వేరే ఉన్నాయి. మొదటి వారాల్లో జ్వరం, నాడి 120 దాటడం, పెరుగుతూ పోయే కడుపునొప్పి, ఆయాసం ఉంటే కుట్లు లీకవుతున్నాయేమో చూడాలి. కాలి పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నల్లటి విరేచనం లోపలి రక్తస్రావానికి గుర్తు. నెలల తర్వాత తిన్నాక కుడి డొక్కలో నొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్లు కావచ్చు, బరువు వేగంగా తగ్గినప్పుడు అవి ఏర్పడతాయి. బైపాస్ అయినవాళ్లకు ఏళ్ల తర్వాత కూడా హఠాత్తుగా మెలిపెట్టే నొప్పి వస్తే పేగు మడతపడి ఉండవచ్చు, అప్పుడు గంటలు కూడా విలువైనవే.

వాంతుల విషయంలో మరీ జాగ్రత్త. నీరసంగా ఉందని వీధి చివరి క్లినిక్‌లో ఒక సీసా గ్లూకోజు ఎక్కించుకోవడం మన ఊళ్లలో సర్వసాధారణం. విటమిన్ బి1 నిల్వలు ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండవు. రోజుల తరబడి వాంతులైన మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమకపడటం దాని గుర్తులు. అలాగే మోకాలి నొప్పికో తలనొప్పికో మెడికల్ షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు బైపాస్ అయిన పొట్టలో అల్సర్ పుట్టిస్తాయి.

కాబట్టి ఏ ఆపరేషన్ జరిగింది, ఏ తేదీన, ఏ మందులు పడవు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి. రాజపాళయం రాజుల ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం, ఆస్పత్రి చీటీ ఉండేది ఇంగ్లీషులో. ఇంట్లో అందరూ చదవగలిగే భాషలో ఇంకో ప్రతి రాయించి వంటింటి గోడకు అంటించండి. మదురైకి కారులో సుమారు రెండు గంటల దారి. గుక్కెడు నీళ్లు కూడా నిలవకుండా ఒక రోజు గడిచిందంటే, అది అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరండి.