ట్యాంకును విడదీసిన స్టవ్వు

మంచుకొండల మీద కాళ్ల కిందంతా నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క దొరకదు. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచును ఊరికే కరిగించడానికే 334 కిలోజౌళ్లు కావాలి. అంత వేడితో ఆ నీటినే 80 డిగ్రీల దాకా కాచుకోవచ్చు. అందుకే కొండెక్కేవాళ్ల స్టవ్వుకు మొదటి పని నీళ్లు, వంట ఆ తర్వాత.

1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ చేసిన ప్రైమస్ ఈ వంశానికి మూలపురుషుడు. గ్యాస్ రాకముందు మన వంటిళ్లలో బుస్సుమన్న ఇత్తడి పంపు స్టవ్వు దాని సంతానమే. దానికి వత్తి ఉండదు. గాలి కొడితే కిరోసిన్ పైకెక్కి, వేడెక్కిన బర్నర్‌లో ఆవిరై, సన్నటి రంధ్రంలోంచి దూసుకొస్తూ గాలిని కలుపుకుని నీలంగా మండుతుంది. 1911లో దక్షిణ ధ్రువానికి అముండ్‌సెన్ బృందం మోసుకెళ్లిందీ ప్రైమస్‌నే.

చిక్కల్లా బర్నర్ కిందే ట్యాంకు ఉండటం. ఈదురుగాలికి వేడి చెదిరిపోతుంది. పోనీ చుట్టూ రేకు కడదామంటే ట్యాంకు కాగి లోపల ఒత్తిడి పెరుగుతుంది. పోసింది పెట్రోలైతే ఇక చెప్పక్కర్లేదు. పైగా ట్యాంకూ మోయాలి, అదనపు ఇంధనం ఉన్న సీసా కూడా మోయాలి.

సియాటిల్ ఇంజనీరు లారీ పెన్‌బర్తీ 1969లో మౌంటెన్ సేఫ్టీ రీసెర్చ్ పేరుతో పర్వతారోహణ సామగ్రిని పరీక్షించడం మొదలుపెట్టాడు. ఎత్తుల్లో వచ్చే జబ్బుకు నీళ్లు చాలకపోవడం ఒక కారణమని ఆయన నమ్మకం. వైద్యులు దాన్ని పూర్తిగా ఒప్పుకోకపోవచ్చు గానీ, ఆ నమ్మకం నుంచి మంచి స్టవ్వే పుట్టింది. 1973 నాటి మోడల్ 9లో ట్యాంకే లేదు. ఇంధనం తెచ్చుకున్న సీసాకే పంపు బిగించి, సన్నటి గొట్టంతో దూరంగా ఉన్న బర్నర్‌కు కలిపాడు. బరువు తగ్గింది. సీసా దూరంగా ఉంది కాబట్టి బర్నర్ చుట్టూ, గిన్నె చుట్టూ రేకు నిశ్చింతగా కట్టొచ్చు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ బర్నర్ కాదు, ఈ ఎడబాటే.

మోడల్ 9 చెవులు దిబ్బడేసేలా మోగేది. 1984లో అదే సంస్థ తెచ్చిన విస్పర్‌లైట్ గొంతు తగ్గించింది, కాళ్లు ముడుచుకుని చిన్నగా ఒదిగింది. రంధ్రం పూడితే పంపు స్టవ్వుకు పిన్ను వెతుక్కోవాలి. దీని తర్వాతి రకాల్లో మాత్రం సూది లోపలే ఉంటుంది, ఊపితే చాలు.

అన్నం వండటంలో మాత్రం ఇది కాస్త మొండిది. మంట తిప్పే మీట సీసా దగ్గరుంది, మంటేమో గొట్టం అవతలి చివర. సన్నసెగ కోసం మీట తిప్పినా, గొట్టంలో అప్పటికే ఉన్న పెట్రోలు తగ్గేదాకా మంట మాట వినదు. ఈలోగా గిన్నె అడుగంటుతుంది.