నొచ్చు పుండు, నొవ్వని మచ్చ

పెదవి లోపలనో, బుగ్గ లోపలనో తెల్లని పుండొకటి లేచి, ఉప్పుకారములు తగిలినంతనే ప్రాణము విలవిలలాడుచుండగా, "వేడి చేసింది, నోరు పూసింది" అని చెప్పి మజ్జిగయన్నము కలిపిపెట్టుట విజయనగరం, శ్రీకాకుళం సీమలలో ప్రతి యింటను జరుగు పనియే. ఆ మాటలో ఊరట గలదు గాని, ఒక పుండు మానకముందే వేఱొకటి లేచుచు ఏండ్లతరబడి బాధపడువారికి అది చాలదు. ఇది వైరసు పని కాదుగదా, ఇంటివారికి అంటదుగదా యని వారు భయపడుదురు. ఈ భయము నిరాధారము కాదు. నోటిచుట్టును మరల మరల పుండ్లు లేపు వైరసు నిజముగానే కలదు.

దాని పేరు హెర్పిస్ సింప్లెక్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ననుసరించి, 50 ఏండ్ల లోపువారిలో సుమారు 380 కోట్లమంది, అనగా నూటికి 64 మంది, దీని మొదటి రకమును శరీరమున మోయుచున్నారు. తఱచుగా బాల్యముననే, పెద్దల ముద్దులవలనను లాలాజలమువలనను ఇది సోకును. అప్పుడు కొందఱు శిశువులకు జ్వరము వచ్చి, చిగుళ్లు వాచి, నోరంతయు పుండ్లు పడును; పెక్కుమందిలో ఏ చిహ్నమును కనబడదు. పిమ్మట దేహము దానిని జయించినట్లే తోచును గాని, వైరసు నశింపక, ముఖమునకు స్పర్శజ్ఞానము నొసగు నాడి వెంబడి ప్రాకిపోయి, కపాలపు అడుగున నున్న నాడీకణముల ముడిలో, వేసవినేలలోని విత్తనమువలె, జీవితాంతము నిద్రించుచుండును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్, దుర్భరమైన ముఖశూలను మాన్పుటకై ఈ ముడికి శస్త్రచికిత్స చేసిన పిమ్మట, రోగుల పెదవులపై పొక్కులు లేచుటను గమనించెను. వైరసు నాడులలోనే దాగియుండునని 1929లో గుడ్‌పాశ్చర్ అను శాస్త్రజ్ఞుడు వాదించెను; దాగిన వైరసును నాడీగ్రంథులలో పరిశోధకులు ప్రత్యక్షముగా పట్టుకొనుటకు మఱి నలువది యేండ్లు పట్టినది.

జ్వరము, అలసట, నెలసరి, తీవ్రమైన యెండ దానిని మేల్కొల్పును. ఊడ్పుల కాలమున దినమంతయు పొలమున నిలిచినవారికిని, భావనపాడు తీరమున పడవపై వేటకు పోవువారికిని ఎండదెబ్బ తగిలిన పిమ్మట పెదవి అంచున మొదట చురుకు, దురద, ఆపై నీటిపొక్కుల గుంపు, ఆపై పెచ్చు కట్టుట, ఇదియే దాని నడక. పది దినములలో మానును. ఈ పొక్కులున్న కాలమున పసిబిడ్డను ముద్దాడరాదు, ముఖ్యముగా నెల నిండని శిశువును; అట్టి శిశువునకది ప్రాణాపాయము. చురుకు తోచిన తొలిగంటలలోనే వైద్యుని సలహాతో మందు వాడినయెడల గుణము కలుగును.

కాని మనవారు నోటిపూత యనునది సాధారణముగా ఇది కాదు. పుండు లేచిన తావును చూచినచో ఈ రెంటిని చాలవఱకు వేఱుపఱుపవచ్చును. వైరసు పెదవి అంచును, చిగురును, గట్టి అంగిలిని ఆశ్రయించును. నోటిపూత పెదవుల లోపలి మెత్తని పొరను, బుగ్గలను, నాలుక అడుగును ఆశ్రయించును. నీటిపొక్కు లేకుండగనే గుండ్రని పుండుగా పుట్టి, చుట్టును ఎఱ్ఱని అంచు, నడుమ పసుపువన్నె తెలుపు కలిగి, ఒకటి రెండు వారములలో మచ్చ లేకుండ మానును. ఇది అంటువ్యాధి కాదు. తల్లి తన కంచములోని ముద్దను బిడ్డకు నిస్సంకోచముగా పెట్టవచ్చును. ఇందును వైరసు గలదేమోయని శాస్త్రజ్ఞులు పలుమార్లు వెదకిరి గాని, నిలుకడగా ఏ వైరసును దొరకలేదు. మన రక్షకకణములే నోటిపొరపై తిరుగబడుట దీనికి మూలమని నేటి అభిప్రాయము. ఇనుము, ఫోలేటు, బి12 విటమిను కొఱవడుట, పంటి గాటు, మనోవ్యథ, వంశపారంపర్యము తోడగును. కావున తఱచుగా నోరు పూయువారు పూతమందులకై పరుగెత్తుటకు ముందు రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. నోటితోపాటు మర్మావయవములందును పుండ్లు లేచి, కన్ను ఎఱ్ఱబడినచో, 1937లో టర్కీ వైద్యుడు బెహ్చెత్ వర్ణించిన వ్యాధిని శంకింపవలెను.

ఇక ఈ సీమకు ప్రత్యేకముగా సంబంధించిన విషయము. పొగత్రాగువారికి నోటిపూత తక్కువగా వచ్చును. పొగవలన నోటిపొర దళసరియై మొద్దుబాఱుటయే ఇందుకు కారణమని తలంతురు. ఇది మేలు కాదు, మోసము. మన పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట కాలుచున్న కొనను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటు తరతరములుగా నున్నది. గాలికిని నీటికిని నిప్పు ఆఱదని, చుట్ట చాలసేపు వచ్చునని చెప్పుదురు. కోస్తా ఆంధ్రమున అంగిలి క్యాన్సరునకు ఈ అలవాటే కారణమని 1957లోనే రెడ్డి, రావు అను వైద్యులు ప్రకటించిరి. 1971లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, మెహతా మొదలగువారు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి ప్రకటించిన వ్యాసమున, వారిలో నూటికి 43.8 మంది అడ్డపొగ త్రాగువారని తేలినది. విజయనగరం జిల్లా ఏర్పడినది 1979లో గనుక, నేటి ఆ జిల్లాలోని కొంత భాగము అప్పటికి శ్రీకాకుళములోనిదే.

ఆ నోళ్లలోని అంగిలిపై తెల్లని మచ్చలు, ఎఱ్ఱని మచ్చలు, దళసరి పొరలు మొదట నొప్పి పెట్టవు. నొవ్వనిదానిని ఎవరును వైద్యునికి చూపరు. నోటిపూతకు ఏడ్చినవారు, నొప్పిలేని యీ మచ్చను ఏండ్లకొలది మోయుదురు. రెండు మూడు వారములు దాటినను మానని పుండును, తుడిచినను పోని మచ్చను, నొప్పి లేకున్నను, ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

చుట్ట మానినవారికి తొలివారములలో నోరు పూయుట కలదు. ముసలమ్మలు దీనిని చూచి, మానుటవలననే నోరు చెడినదని తలచి, మరల చుట్ట ముట్టింతురు. నోటిపొర తన సహజమైన పలుచదనమునకు వచ్చుచుండగా లేచిన యీ పూత కొంతకాలమునకు తనంతట తగ్గును. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడువారికి ఇంటింటికి పోయి బోధచేసి, 1986లో ప్రకటించిన అధ్యయనము, మానినవారి నోళ్లలో క్యాన్సరుకు ముందు వచ్చు మచ్చలు తగ్గుటను చూపినది.