చందమామ ఫోనుకు ఎందుకు చిక్కడు?

నిండు పున్నమి. చందమామ వెండి పళ్లెంలా ఉన్నాడు. ఫోను పైకెత్తి ఫోటో తీస్తారు. చూస్తే ఏముంది? నల్లటి ఆకాశం, మధ్యన తెల్లటి చుక్క. మచ్చ లేదు, కుందేలు లేదు. "మన ఫోను మంచిది కాదు" అనుకుని చాలామంది వదిలేస్తారు. లోపం ఫోనుది కాదు.

చందమామకు సొంత వెలుగు లేదు. అది రాళ్లూ దుమ్మూ నిండిన గోళం. దాని మీద సూర్యుడి ఎండ పడుతుంది. ఆ ఎండే మనకు వెన్నెలగా వస్తుంది. ఇంకో వింత ఉంది. చందమామ నేల తెల్లగా ఉండదు. పాత తారు రోడ్డులా నల్లగా ఉంటుంది. పడిన ఎండలో నూటికి 12 వంతులే తిప్పి పంపుతుంది. చుట్టూ చీకటి కాబట్టి మన కంటికి వెండిలా మెరుస్తుంది.

అంటే మనకు రాత్రే గాని, మనకు కనబడే చందమామ మీద పగలే. ఎండలో ఉన్న బండరాయిని ఫోటో తీసినట్లే చందమామను తియ్యాలి. ఫోనుకు ఈ సంగతి తెలియదు. దాని తెరలో చీకటే ఎక్కువ. అందుకని వెలుగు ఇంకా కావాలని లెక్క వేసుకుంటుంది. ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. పాలు పొంగితే గిన్నె కనబడదు గదా! అట్లాగే వెలుగు పొంగి మచ్చలు కనబడకుండా పోతాయి.

కనుక వెలుగు తగ్గించమని మనమే ఫోనుకు చెప్పాలి. తెర మీద చందమామను వేలితో తాకాలి. చాలా ఫోన్లలో పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని మెల్లగా కిందికి జరపాలి. ఆకాశం ఇంకా నల్లబడుతుంది. నల్లబడనివ్వండి. మచ్చలు ఒక్కొక్కటే తేలతాయి. ఫ్లాష్ లైటు ఆపెయ్యాలి. దాని వెలుగు మన వాకిలి దాటదు. చందమామ ఉన్నదేమో 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరాన!

అంత దూరం వల్ల చందమామ మనకు చాలా చిన్నగా కనబడతాడు. చెయ్యి బారుగా చాచి చిటికెన వేలు అడ్డం పెట్టి చూడండి. చందమామ మొత్తం దాక్కుంటాడు. అందుకే ఫోను తెర మీద రెండు వేళ్లతో సాగదీసి పెద్దది చెయ్యాలి. మరీ సాగదీస్తే బొమ్మ అలికినట్లు అవుతుంది. కొన్ని కొత్త ఫోన్లు చందమామను గుర్తుపట్టి మచ్చలకు తామే మెరుగులు దిద్దుతాయి. ఆ బొమ్మ అందంగానే ఉంటుంది. కాని అందులో చందమామ ఎంతో, ఫోను గీసింది ఎంతో చెప్పలేం. దానికన్నా మసకగా ఉన్నా మన చేత్తో పట్టిందే మేలు.

చెయ్యి అదరకూడదు. ఫోనును గోడకో, బియ్యం సంచికో ఆనించాలి. 1840లో అమెరికాలోని న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ అనే శాస్త్రవేత్త చందమామ ఫోటో తీశాడు. వెండి పూత పూసిన రాగి రేకు మీద 20 నిమిషాల పాటు వెలుగు పడనిస్తే గాని ఆ బొమ్మ రాలేదు. ఇప్పుడు రెప్పపాటు చాలు.

వీడియో తీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. చందమామ తన వెడల్పు అంత దూరం రెండు నిమిషాల్లోనే జరుగుతాడు. నిజానికి తిరిగేది మన భూమి. బాగా సాగదీసి పెడితే కాసేపటికే తెర దాటిపోతాడు. తాటిచెట్టుతో కలిపి తియ్యాలంటే పున్నమి సాయంత్రం, పొద్దు గూకే వేళ మంచిది. అప్పుడు చెట్టూ కనబడుతుంది, చందమామా కనబడతాడు. గుంటలు చూడాలంటే మాత్రం అష్టమి నాడు తియ్యాలి. ఆనాడు ఎండ పక్క నుంచి పడుతుంది. పొద్దుటి పూట చేనుగట్ల నీడలు సాగినట్లు గుంటల నీడలు సాగుతాయి.

గ్రహణం నాడు ఈ లెక్క తారుమారు అవుతుంది. 2025 సెప్టెంబరు 7న రాత్రి 11 గంటల నుంచి 12 గంటల 22 నిమిషాల దాకా చందమామ పూర్తిగా భూమి నీడలో ఉన్నాడు. ఎండ నేరుగా అందక ఇటుక రంగుకు తిరిగాడు. భూమి చుట్టూ ఉన్న గాలి కొంత ఎర్రటి వెలుగును వంచి అటు పంపుతుంది. అదే ఆ రంగు. అంత మసక చందమామకు ఫోనులో వెలుగు పెంచాలి. ఫోనును అసలు కదలనివ్వకూడదు.

గ్రహణం వేళ కడుపుతో ఉన్నవాళ్లు బయటికి వస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని అంటారు. నీడ వల్ల మొర్రి రాదు. కడుపులో బిడ్డ పెదవి మొదటి రెండు నెలల్లోనే అతుక్కుంటుంది. అప్పుడు సరిగా అతుక్కోకపోతే మొర్రి అవుతుంది. దానికి ఆపరేషను ఉంది. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో ఎవరైనా చూడొచ్చు, ఫోటో తియ్యొచ్చు. సూర్యగ్రహణం వేరు. దాన్ని ప్రత్యేకమైన కళ్లద్దాలు లేకుండా చూస్తే కళ్లు పాడవుతాయి.

2028 డిసెంబరు 31న రాత్రి పది, పదిన్నర వేళ చందమామ మళ్లీ మన ఊళ్ల మీద ఎర్రబడతాడు. అప్పటిదాకా నెలనెలా వచ్చే అష్టమినాడూ పున్నమినాడూ చెయ్యి కుదుర్చుకోవచ్చు.