గురువు చెవి - యంత్రము కన్ను

సంగీతము చెవితో నేర్చు విద్య యని మన పెద్దల మాట. గురువు పాడును, శిష్యుడు వినును, విన్నదానిని తిరిగి పాడును, తప్పిన చోట గురువు ఆపి సరిదిద్దును. మాయామాళవగౌళలో సరళీస్వరములు మొదలుకొని ఘనమైన కృతుల వరకు శిక్షణ యంతయు ఈ నాలుగు మెట్ల మీదనే నడచును. గడచిన నూట ఇరువది సంవత్సరములలో యంత్రము ఈ మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కుచు వచ్చినది. వానిలో దేనిని అది చక్కగా మోయగలదు, దేనిని మోయలేదు? ఈ ప్రశ్నకు పరిశోధకులు కొన్ని సమాధానములు కనుగొన్నారు. బిడ్డలకు సంగీతము చెప్పించు తల్లిదండ్రులును, చెప్పు గురువులును వానిని ఎరిగియుండుట మేలు.

మొదట యంత్రము గురువు కంఠమును అరువు తెచ్చుకొనెను. 1902లో ఫ్రెడ్ గైస్‌బెర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానమును గ్రామఫోను పలకల మీద ముద్రించెను. పలకకు ఒక ప్రక్క పట్టు పాట ఇంచుమించు మూడు నిమిషములే. గంటసేపు సాగవలసిన రాగము ఆ ఇరుకులో ఒదుగవలసి వచ్చెను. సరిగా రెండేండ్లకు, 1904లో, ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని వెలువరించిరి. అందు స్వరములతో తృప్తిపడక గమకములకు వేర్వేరు గుర్తులను ఏర్పరచిరి. ఒకరు ధ్వనిని మైనములో దాచిరి. మరియొకరు కాగితముపై దాచిరి. ఇద్దరిదీ ఒకే ఆరాటము: గురువు ఎదుట లేనప్పుడు పాఠము నిలుచుట యెట్లు?

తరువాత రేడియో వచ్చినది. 1948లో ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము నుండి వోలేటి వెంకటేశ్వర్లుగారు చెప్పిన ‘సంగీత శిక్షణ’ పాఠములు, గురువు అందుబాటులో లేని యిండ్లకు సయితము సంగీతమును చేర్చినవి. ఆ ముద్రణలను నేటికిని శ్రద్ధతో వినువారున్నారు. కాని రేడియో పాడగలదే గాని వినలేదు. దాని ముందు కూర్చున్న విద్యార్థి ద్రోణుని మట్టిబొమ్మ ముందు నిలిచిన ఏకలవ్యుని వంటివాడు. బొమ్మ తప్పు పట్టదు. తప్పు పట్టుకొనవలసినవాడు తానే. ఏకలవ్యునకు ఆ శక్తి కలదు. అందరును ఏకలవ్యులు కారు.

శ్రుతి విషయమున యంత్రము చేసిన మేలు కాదనరానిది. తంబురాకు గుఱ్ఱము మీది వంపు, దానిపై అమర్చు జీవాళి దారము కలిసి నాదమునకు అంతటి నిండుదనమును ఎట్లు తెచ్చునో, 1921లో ప్రకటించిన వ్యాసములో చంద్రశేఖర వెంకటరామన్ వివరించిరి. విశాఖపట్టణమున బాల్యము గడపిన ఆ శాస్త్రజ్ఞుడు, ఉపస్వరములు పుష్కలముగా పలుకుటయే తంబురా రహస్యమని చూపిరి. 1979లో బెంగుళూరునకు చెందిన రాజ్ నారాయణ్ ఎలెక్ట్రానిక్ తంబురాను నిర్మించిరి. నేడది చేతిలోని ఫోనులో ఇమిడిపోయినది. తంబురా కొనలేని, శ్రుతి చేయ నేర్వని బాలునకు సయితము ఆధారషడ్జము అనుక్షణము దొరకుచున్నది. ఇది చిన్న లాభము కాదు.

ఇక నాలుగవ మెట్టు, తప్పు దిద్దుట. అసలు చిక్కు ఇక్కడ కలదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున కార్ల్ సీషోర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలోనే ‘టోనోస్కోపు’ అను సాధనమును చేసెను. గాయకుడు పాడుచుండగా అతని స్వరము ఎంత ఎత్తున నున్నదో తిరుగు పీపా మీది చుక్కలలో కంటికి కనిపించును. చెవి పని కంటికి అప్పగించుట అప్పుడే మొదలైనది. ఇంగ్లండులో గ్రాహమ్ వెల్చ్, డేవిడ్ హోవర్డ్ ప్రభృతులు ‘సింగాడ్’ అను కంప్యూటరు సాధనముతో చిన్న బడిపిల్లలపై ప్రయోగములు జరిపి 1989లో ఫలితములను ప్రకటించిరి. తమ స్వరము గీతగా తెరపై కనబడుచుండగా పాడిన పిల్లలు శ్రుతిలో మరింత నిలకడ సంపాదించిరి. అనగా కన్ను చెవికి తోడ్పడగలదనుట నిజమే.

అయితే యీ తోడ్పాటునకు ఒక హద్దు కలదు. 1984లో సల్మోని, ష్మిట్, వాల్టర్ అనువారు అభ్యాసమును గూర్చిన అనేక ప్రయోగములను సమీక్షించి వింతయైన సంగతి నొకదానిని వెల్లడించిరి. ప్రతి ప్రయత్నము వెంట ఫలితము చెప్పబడినచో అభ్యాసకుడు అప్పటికి త్వరగా బాగుపడును. చెప్పువాడు తొలగిన పిమ్మట, నేర్చినది నిలుచుట మాత్రము తగ్గును. తెలుపుట తగ్గించిన కొలదిని జ్ఞాపకము గట్టిపడును. ఆ ప్రయోగములు ముఖ్యముగా చేతి కదలికలను గూర్చినవే యైనను, అందలి హెచ్చరిక గాత్రమునకును చెల్లును. తెరపై పచ్చని గీతను చూచుచు పాడు బాలుడు స్వరమును వినుట లేదు, గీతను వెంబడించుచున్నాడు. తెర మూసిననాడు అతని వద్ద మిగులునదేమి?

రెండవ చిక్కు మన సంగీతమునకు ప్రత్యేకమైనది. పాశ్చాత్యుల సాధనములు సప్తకమును పన్నెండు సమభాగములుగా విభజించి, స్వరమును ఒక స్థిరబిందువుగా ఎంచును. తోడి రాగములోని గాంధారము నట్టి సాధనము ముందు పాడి చూడుడు. ఆ గాంధారము ఒక చోట నిలువదు. రిషభ మధ్యమముల నడుమ ఊగుచునే తన రూపము నందుకొనును. సాధనము దానిని తప్పని చెప్పును. దాని మాట విని గాంధారమును కదలకుండ నిలిపిన విద్యార్థి యంత్రమును మెప్పించును, తోడిని పోగొట్టుకొనును.

ఈ లోపమును తొలగించుటకు పరిశోధనలు సాగినవి. బార్సెలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయమున జేవియర్ సెర్రా నాయకత్వమున 2011 నుండి 2017 వరకు ‘కాంప్‌మ్యూజిక్’ అను ప్రణాళిక నడచినది. కర్ణాటక, హిందుస్తానీ, తురుష్క, అరబ్-అందలూసీయ సంగీతములను, పెకింగ్ నాటకగానమును ఆయా సంప్రదాయముల కొలతలతోనే కంప్యూటరునకు తెలియజెప్పుట దాని ఆశయము. మదరాసు ఐ.ఐ.టి. ఆచార్యులును ఇందు పాల్గొనిరి. 2012లో ఇస్తాంబూలున జరిగిన ఆ ప్రణాళికా సదస్సులో టి.ఎం. కృష్ణ, విఘ్నేశ్ ఈశ్వర్ సమర్పించిన వ్యాసము స్వరము, గమకము, సంచారము కలసి రాగమునకు గుర్తింపు నిచ్చునని విశదీకరించినది. సుబ్బరామ దీక్షితులు కాగితముపై గుర్తులతో పడిన పాటునే నేటి శాస్త్రజ్ఞులు గణితముతో పడుచున్నారు.

మూడవ చిక్కు దూరము. సముద్రముల ఆవలి తెలుగు కుటుంబముల పిల్లలెందరో హైదరాబాదులోనో, చెన్నపట్టణములోనో ఉన్న గురువుల వద్ద తెరల మీదుగా సంగీతము నేర్చుచున్నారు. 2020లో మహమ్మారి ఇండ్ల తలుపులు మూసినపుడు ఇక్కడి పిల్లలకును అదే గతియైనది. ఆ పాఠము వలన మేలు కలదు. కాని గురుశిష్యులు కలసి పాడుట మాత్రము పొసగదు. కారణము స్పష్టము. కలసి పాడువారి నడుమ ధ్వని సెకనులో వెయ్యింట 25, 30 వంతులకు మించి ఆలస్యమైనచో లయ ఈడ్చుకొనిపోవును. గాజుతీగలో వెలుగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునకు శాన్ ఫ్రాన్సిస్కోకు దూరము 13 వేల కిలోమీటర్లకు పైమాటయే. కనుక తీగ తిన్నగా పరచినను ఒక వైపు ప్రయాణమునకే వెయ్యింట 65 వంతులు పట్టును. గదిలో గురువు ఇరువది మీటర్లకు పైగా దూరమున కూర్చున్నట్లన్నమాట. దీనిని ఏ కంపెనీయు సవరింపలేదు. ఇది ప్రకృతి నియమము.

కావున గురువు గొంతులో గొంతు కలిపి పాడుట వలన శిష్యునకు తెలియకయే అలవడు కాలప్రమాణము, ఊపిరి తీయు చోటు, పదము విరుపు తెర మీది పాఠములో సగము జారిపోవును. అట్టి విద్యార్థులకు ఏడాదికి కొన్ని వారములైనను గురువు ఎదుట కూర్చుండు అవకాశము కల్పించుట తల్లిదండ్రుల బాధ్యత.

ఇంతమాత్రమున యంత్రమును వెలివేయ నక్కరలేదు. దాని కొక క్రమము విధించిన చాలును. శ్రుతికి దానిని నిత్యము వాడవచ్చును. పాఠమును మరల మరల వినుటకు వాడవచ్చును. సాధన చేయునపుడు మాత్రము ముందు తెర చూడక పాడవలెను. శ్రుతి చేరినదా లేదా యని తన చెవినే అడుగవలెను. చెవి సమాధానము చెప్పిన పిమ్మట మాత్రమే యంత్రమును సాక్ష్య మడుగవలెను. తన పాటను ముద్రించి మరునాడు వినువాడు ముందునాడు వినని తప్పులను వినును. గమకము వచ్చుచోట యంత్రము తీర్పును పక్కనబెట్టి గురువు తీర్పును కోరవలెను.

మంచి గురువు దినదినము దిద్దుచు, దిద్దవలసిన అవసరమును దినదినము తగ్గించుకొనును. శిష్యుడు తన తప్పును తానే విని, గురువు ఆపకముందే ఆగిననాడు ఆయన పని నెరవేరినట్లు. సంగీతము నేర్పు ప్రతి యంత్రమును ఈ కొలతతోనే కొలువవలెను. దానిని ఆపివేసిన పిమ్మట మన బిడ్డ చెవి ముందటికన్న సూక్ష్మముగా వినుచున్నదా? వినుచున్నచో అది విద్యకు సాధనము. లేనిచో అది ఎంత ముచ్చటైనదైనను ఆటవస్తువే.