తుక్కు కాకుండా మిగిలిన ఇనుము

దివ్య ఖుర్ఆన్‌లో ఇనుము పేరుతోనే ఒక సూరా ఉంది. అది 57వ సూరా, అల్ హదీద్. ఇనుములో భీకరమైన బలమూ ఉంది, మానవులకు ప్రయోజనాలూ ఉన్నాయని ఆ సూరాలో అల్లాహ్ మనకు తెలియజేశాడు. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) చేతుల్లో ఇనుము మెత్తబడిందని, ఆయన కడియాలను కొలతకు సరిపోయేట్టు కూర్చి కవచాలు చేసేవారని కూడా మనం చదువుకున్నాం. ఆయన రాజు, ప్రవక్త. అయినా తన చేతి కష్టంతోనే తినేవారని హదీసులో ఉంది.

పులివెందులలో మా దగ్గర అలిఫ్ బే దిద్దిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఇనుముతోనే బతుకుతున్నారు. ఒకడు లేత్ మిషను మీద, ఒకడు వెల్డింగ్ అంగట్లో, ఒకడు బోరు లారీల రిపేరులో, మరొకడు పాత ఇనుప సామాను కొని తూకానికి అమ్మే చోట. జమ్మలమడుగులోనూ ప్రొద్దుటూరులోనూ మన ఇళ్ల సంగతి ఇంతే. దారిలో కలిస్తే నూనె చేతులు వెనక్కి పెట్టుకుని సలాం చెబుతారు. ఆ చేతులు దాచుకోవలసినవి కావని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

వాళ్లలో ఒకడు, లేత్ పని చేసే కుర్రాడు, మూడేళ్ల కిందట మాతో ఖుల్దాబాద్ జియారత్‌కు వచ్చాడు. కడపలో రైలెక్కి దౌండ్‌లో దిగి అహ్మద్‌నగర్ మీదుగా వెళ్లాలి. ఆ ఊరికి 2024లో అహిల్యానగర్ అని పేరు మార్చారు. దారిలో ఒక పూట ఆగాం. మేము ఆగింది కోట కోసం. 1942 నుంచి 1945 దాకా మౌలానా అబుల్ కలాం ఆజాద్‌ను, నెహ్రూను తెల్లవాళ్లు అక్కడే నిర్బంధించారు. మౌలానా తన ‘గుబారె ఖాతిర్’ ఉత్తరాలు రాసింది ఆ గోడల మధ్యనే. కుర్రాడు ఆగింది మాత్రం ట్యాంకుల కోసం. ఆ ఊళ్లో సైన్యంవారి ట్యాంకుల మ్యూజియం ఉంది. 1994లో పెట్టారు. కోట గోడల దగ్గర మేము ఎంత చెప్పినా తల ఊపినవాడు, మ్యూజియం గేటు దాటగానే మమ్మల్ని మరిచిపోయాడు.

రోల్స్ రాయిస్ కారుకు ఉక్కు రేకులు తొడిగిన పాత కవచ వాహనం మొదలుకొని, రెండో ప్రపంచ యుద్ధపు మటిల్డా, వాలెంటైన్, చర్చిల్ ట్యాంకులు, ఆ తర్వాతి సెంచూరియన్, మన ఆవడిలో తయారైన విజయంత, పాకిస్తాన్ నుంచి చేజిక్కిన ప్యాటన్ అక్కడ ఉన్నాయి. యుద్ధంలో పనైపోయిన బండికి మామూలుగా ఒకటే దారి. గ్యాస్ కటర్‌తో ముక్కలు చేసి కొలిమికి పంపుతారు. ఇవి ఆ దారి తప్పించుకున్నవి.

అట్లా తప్పించడం మాటలతో అయ్యే పని కాదని మా కుర్రాడు ఆ రోజు మాకు పాఠం చెప్పాడు. మైదానంలో ఏళ్ల తరబడి పడి ఉన్న ట్యాంకుకు పైనుంచి పట్టే తుప్పు కన్నా లోపలి తుప్పు ప్రమాదం. మూత సరిగా పడక వాననీళ్లు పొట్టలో నిలుస్తాయి. అడుగు రేకు లోపలి నుంచి తినేసుకుపోతుంది. అందుకని మొదట నీళ్లు పోయే దారి చేయాలి. అంతకన్నా ముందు లోపల పేలని గుండు ఏదైనా మిగిలిందా అని తెలిసినవాళ్లు చూడాలి. ఫైరింగ్ రేంజీల దగ్గర తుక్కు ఏరుకుని, గుండును సుత్తితో కొట్టి ఇత్తడి తీయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న పేదల వార్తలు మనం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. పాత సామాన్ల అంగళ్లు నడిపే మన సోదరులు ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. సైన్యపు సామానులా కనిపించిన దేన్నీ కొట్టకూడదు, కోయకూడదు. పోలీసులకు కబురు పెట్టాలి.

తర్వాత బిగుసుకుపోయిన బోల్టుల పని. డీజిలు, నూనె పోసి రోజుల తరబడి నానబెట్టాలి, వేడి చేయాలి, ఓపిక పట్టాలి. ‘బలం వాడితే బోల్టు తెగుతుంది హజరత్, అప్పుడు పని పదింతలు’ అన్నాడు. ఇసుకతో ఊది పాత రంగు, తుప్పు రాల్చి, ఆలస్యం చేయకుండా రెడ్ ఆక్సైడ్ పూయాలి. ఆలస్యమైతే శుభ్రం చేసిన ఇనుము గాలి తగిలి మళ్లీ ఎర్రబడుతుంది. చైను పిన్నులు, చక్రాల రబ్బరు, అద్దాలు బజారులో దొరికేవి కావు. రెండు బండ్ల సామాను కలిపి ఒక బండి చేస్తారు, లేదా కొలతలు తీసి లేత్ మీద కొత్తగా తిప్పుకుంటారు. ఇక్కడికి వచ్చేసరికి వాడి గొంతు మారింది. ‘ఇది మా పనే కదా’ అన్నాడు. ప్యాటన్ బరువు 45 టన్నుల పైమాట, పన్నెండు సిలిండర్ల పెట్రోలు ఇంజను. బోరు లారీ ఇంజను విప్పిన చేతులకు అది భయపెట్టే వస్తువు కాదేమో.

ఆ ఊరికీ భారీ ఇనుముకూ పాత బంధం ఉంది. 1549లో ముహమ్మద్ బిన్ హసన్ రూమీ అనే తురుష్క పనివాడు పెద్ద ఫిరంగి ‘మలికె మైదాన్’ను పోతపోసింది అహ్మద్‌నగర్‌లోనే. అది కంచు ఫిరంగి, బరువు 55 టన్నులు. అంటే ప్యాటన్ ట్యాంకు కన్నా ఎక్కువ. 1565 తళ్లికోట యుద్ధం చూసి, తర్వాత బీజాపూర్ చేరింది. 1854లో తెల్లవాళ్ల దొరతనంలో పనికిరాని సామానంతా అమ్మేయమని హుకుం వస్తే, దానినీ వేలంలో పెట్టారు. వచ్చిన పాట 150 రూపాయలు! అక్కడి మామ్లతదారుకు మనసొప్పలేదు. ఇంత తక్కువ పాటా అని, ప్రజలకు దానిమీద ఉన్న అభిమానం సంగతీ పైవాళ్లకు రాశాడు. అమ్మకం రద్దయింది. ఒక చిన్న ఉద్యోగి రాసిన కాగితంతో నిలిచిన ఫిరంగిని ఇప్పటికీ బీజాపూర్ బురుజు మీద చూడవచ్చు.

మన గండికోటలోనూ ఫిరంగులు పోతపోశారు. 1650లో మీర్ జుమ్లా కోటను పట్టుకున్న తర్వాత ఒక ఫ్రెంచి పనివాడిని పెట్టుకున్నాడు. 1652లో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఆ సంగతి రాశాడు. లోహం కోసం గుళ్లలోని విగ్రహాలనూ తెప్పించారని కూడా రాశాడు. అది మనం గొప్పగా చెప్పుకోవలసిన పని కాదు. జామియా మసీదు, మాధవరాయ స్వామి గుడి రెండూ ఒకే కోటలో ఉన్న ఊరివాళ్లం మనం. పిల్లలను అక్కడికి తీసుకుపోయినప్పుడు రెండు సంగతులూ చెప్పాలి.

అసలు మమ్మల్ని ఈ వ్యాసం రాయించింది ప్యాటన్ ట్యాంకు. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేమ్‌కరన్ వైపు పాకిస్తాన్ సైన్యం ఈ అమెరికా ట్యాంకులతోనే వచ్చింది. అసల్ ఉత్తర్ గ్రామం దగ్గర మన సైన్యం కాలవలు తెంచి పొలాలకు నీళ్లు వదిలి, చెరకు తోటల్లో కాచుకుంది. ట్యాంకులు బురదలో దిగబడ్డాయి. అక్కడ 4వ గ్రెనేడియర్స్‌లో కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ ఉన్నాడు. ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్ ఆయన ఊరు. దర్జీల ఇంటి బిడ్డ. ఆయన చేతిలో ఉన్నది జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల ఫిరంగి. కవచం లేని జీపు. ఆ ఫిరంగి పేలిస్తే వెనక నుంచి మంట, దుమ్ము లేస్తాయి. ఎక్కడున్నారో శత్రువుకు వెంటనే తెలిసిపోతుంది. ఒక దెబ్బ కొట్టి చోటు మారాలి. ఆయన అట్లా ఒక్కొక్క ట్యాంకునే కొట్టాడు. సెప్టెంబరు 10న మరొక ట్యాంకుకు గురిపెట్టి ఉండగా దాని గుండు తగిలి అమరుడయ్యాడు. పరమవీర చక్ర ప్రకటించారు. 2000లో తపాలా బిళ్ల వేశారు. పట్టుబడిన ట్యాంకులను భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటును జనం ప్యాటన్ నగర్ అన్నారు.

పట్టుబడిన ట్యాంకులు దేశంలో చాలా ఊళ్లకు గుర్తులుగా వెళ్లాయి. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద కూడా ఒక ప్యాటన్‌ను నిలబెట్టారు. ఆ ట్యాంకు ఉన్నందుకే ట్యాంక్‌బండ్ అన్నారని మా క్లాసులో ఒకడు వాదించాడు. ఆ ట్యాంకు చెరువురా అని నవ్వుకున్నాం.

కాని క్లాసులో నవ్వు రాని ప్రశ్న కూడా ఒకటి వచ్చింది. ఒక జనవరి 26న పిల్లలకు అబ్దుల్ హమీద్ సంగతి చెబుతున్నాం. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజుల్లో మన పిల్లలు బయట ఎట్లాంటి మాటలు పడతారో తల్లిదండ్రులకు తెలుసు. ఆ మాటలకు జవాబుగా ఈ ఒక్క పేరు చాలునని మా ఆలోచన. ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి, ‘హజరత్, ఆ ట్యాంకుల్లో ఉన్నవాళ్లూ కలిమా చదివినవాళ్లే కదా?’ అన్నాడు.

అవునన్నాం. అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు. ఒక దేశంలో పుట్టి, దాని నీళ్లు తాగి, దానికి ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడం మనమీద ఉన్న బాధ్యత అని, ఒప్పందాలను పూర్తి చేయమని ఖుర్ఆన్ పదే పదే చెబుతుందని, అబ్దుల్ హమీద్ కాపాడింది తన పక్కనున్న సిపాయిలను, వెనకనున్న పల్లెలను అని చెప్పాం. చనిపోయినవారి లెక్క అల్లాహ్ దగ్గర ఉందన్నాం. పిల్లవాడు కూర్చున్నాడు. వాడి ముఖం చూస్తే సగం జవాబే అందినట్టుంది. నిజానికి మా దగ్గరా అంతకన్నా ఎక్కువ లేదు.

అహ్మద్‌నగర్‌లో ప్యాటన్ ముందు నిలబడినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. పక్కన మా కుర్రాడు ఫోనులో ఏదో ఫోటో చూపించాడు. ఇంగ్లండులోని బోవింగ్టన్ మ్యూజియంలో ఉన్న జర్మన్ టైగర్ ట్యాంకు, 131వ నంబరు. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో పట్టుబడింది. బరువు 57 టన్నులు, ముందు రేకు మందం పది సెంటీమీటర్లు. బ్రిటిషు ట్యాంకు కొట్టిన గుండు ఫిరంగి కింద తగిలి, పైభాగం తిరగకుండా బిగుసుకుపోతే లోపలివాళ్లు దిగి పారిపోయారు. 1990లో దాన్ని విప్పడం మొదలుపెట్టారు. 2003 డిసెంబరుకు ఇంజను పనిచేస్తూ మ్యూజియానికి తిరిగి వచ్చింది. రంగు, మిగిలిన పని 2012 దాకా సాగింది. దాని అసలు ఇంజనును అంతకు చాలా ముందే చదువు చెప్పడానికి నిలువునా కోసేశారు. అందుకని మ్యూజియంలోని మరో జర్మన్ ట్యాంకు ఇంజను తెచ్చి బిగించారు. ఆ ట్యునీషియా యుద్ధంలో మన 4వ భారత డివిజన్ కూడా ఉంది. ముస్లిములు, సిక్కులు, గూర్ఖాలు ఒకే కంచంలో తిన్న డివిజన్ అది. 22 ఏళ్ల తర్వాత అసల్ ఉత్తర్‌లో ప్యాటన్లను ఆపింది అదే డివిజన్. 1943లో పక్కపక్కన నిలిచిన రెజిమెంట్లలో కొన్ని అప్పటికి సరిహద్దుకు అటుపక్క ఉన్నాయి.

కుర్రాడు చూపించదలచింది ఇదంతా కాదు. ‘చూడండి హజరత్, గుండు తగిలిన గాట్లు అట్లనే వదిలేసినారు. నేనైతే వెల్డింగ్ పోసి, గ్రైండింగ్ పట్టి, పుట్టీ పెట్టి రంగేస్తే ఎవరూ కనుక్కోలేరు’ అన్నాడు. ఎందుకు వదిలారో వాడే చదివి తెలుసుకున్నాడు. మ్యూజియం పనిలో తుప్పు ఆపాలి, విరిగింది నిలబెట్టాలి, దెబ్బను మాత్రం చెరపకూడదు. చెరిపితే అది బొమ్మ అవుతుంది. ఆ గాటు ఉంటేనే లోపల మనుషులు ఉన్నారని చూసేవాడికి తెలుస్తుంది.

ఎనిమిదో తరగతి పిల్లవాడికి మేము ఇవ్వలేని మిగతా సగం ఇక్కడ ఉందనిపించింది. పూలదండలేసి, తళతళలాడే రంగు పూసి నిలబెట్టిన ట్యాంకు పక్కన పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతారు, దిగనివ్వండి. కాని ఆ ఇనుము లోపల ఒక తల్లి కన్నవాడు కాలిపోయాడని చెప్పేవాళ్లు ఒకరైనా పక్కన ఉండాలి. ఈజిప్టులో ఎల్ అలమైన్ దగ్గర మ్యూజియం ఉంది, దాని చుట్టూ ఎడారిలో 1942 నాటి మందుపాతరలు ఇంకా ఉన్నాయి. వాటి మీద కాలు పెట్టి చచ్చిపోయింది ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని బెదూయిన్లు, గొర్రెల కాపరులు. సూరా హదీద్‌లో చెప్పిన బలం ఎట్లాంటిదో అక్కడివారికి మనం వివరించనక్కరలేదు.

ఆంధ్రలో ఇటువంటి పని చూడాలనుకునేవారు విశాఖ వెళ్లవచ్చు. 1971 యుద్ధకాలంలో పనిచేసిన కుర్సురా జలాంతర్గామిని 2001 ఫిబ్రవరిలో నౌకాదళం విధుల నుంచి తప్పించింది. తుక్కుకు పోవలసిన 91 మీటర్ల ఓడను ఇసుక మీదికి లాగి, 2002లో మ్యూజియం చేశారు. సెలవుల్లో పిల్లలను తీసుకుపోతే లోపల ఆ ఇరుకు పడకలు చూపించండి. మ్యూజియం గైడ్లలో అక్కడ పనిచేసిన పాత నావికులు కూడా ఉన్నారు. వాళ్లతో మాట్లాడించండి.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు కుర్రాడి అంగడికి వెళ్లాం. వాడు టైగర్ ఫోటోను ఉస్తాద్‌కు చూపిస్తున్నాడు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, గాటు మీద వేలుపెట్టి పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

‘ఇక్కడ ఒక బిళ్ల అతికిచ్చి వెల్డింగ్ పోస్తే సరిపోయేది కదరా.’

‘పోయకూడదంట ఉస్తాద్.’

‘మరి తుప్పు పట్టదా?’

‘నూనె రాస్తారంట.’

‘ఎన్ని రోజులకొకసారి?’ అని అడిగాడాయన. వాడికి తెలియలేదు. అంతలో అసర్ అజాన్ వినబడింది. మిషను ఆపి, ఇద్దరూ కిరసనాయిలుతో చేతుల నూనె వదిలించుకుని, సబ్బు పట్టించి, వుజూకు లేచారు.